ఏసమ్మ తుమ్ము, చర్చి గంట

ఏసమ్మ తుమ్మితే చర్చి గంట మోగింది.

మామూలు గంట అనుకునేరు. ఏ కాలంలోనో ఎవరో దొరగారు ఓడ మీద తెప్పించి, లింగంపల్లి స్టేషన్ నుంచి ఎడ్లబండి మీద మోయించుకొచ్చిన కంచు గంట అది. దాన్ని పలికించాలంటే దండచేతి నిండా కండ ఉన్న మనిషి తాడు పట్టుకుని మోకాళ్లు వంచి గుంజాలి. అంతటి గంట ఒక బక్కపలచని ఆడమనిషి తుమ్ముకు ఖంగుమని పలికి, సంగారెడ్డి నుంచి వచ్చిన పాస్టరు పెద్ద అయ్యగారితో సహా నిండు సభను నిలబెట్టేసింది. నమ్మబుద్ధి కానివాళ్లు అమీన్‌పూర్ చెరువు అవతలి వాడకు వెళ్లి ఎవరినైనా అడగవచ్చు. ఆ రోజుకు ఇంకా పుట్టనివాళ్లు కూడా కళ్లారా చూశామనే చెబుతారు.

అప్పటినుంచి ఆ చర్చిలో పాట ముందున్న ప్రభువు బల్ల దగ్గర లేవదు, వెనక తలుపు దగ్గర లేస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు ముందుకు చూస్తూ కూర్చుంటే పాట వచ్చి వీపు మీద పడుతుంది. ఉలిక్కిపడి వెనక్కి తిరిగితే, గుమ్మానికి ఆనుకుని, చీర కొంగు నడుముకు దోపుకుని, గాలికి ఎదురుగా నిలబడిన ఏసమ్మ కనిపిస్తుంది.

ఏసమ్మది పటేల్‌గూడ. ఏలీయాను పెళ్లాడి ఈ వాడకు వచ్చేనాటికి ఆమెకు చదువు లేదు, పొలం లేదు, గొంతు ఉంది. ఏలీయా డోలక్ వాయించేవాడు. అతని తల్లి సంగమ్మ చర్చిలో పాట ఎత్తేది. ఆ వాడలో పుస్తకం చూసి పాడగలిగినవాళ్లు తక్కువ. ఒకరు చరణం ఎత్తాలి, మిగిలినవాళ్లు అందుకోవాలి. ఎత్తే మనిషి ఎత్తకపోతే ఆ ఆదివారానికి పాటే లేదు. సంగమ్మకు ముందు పళ్లు ఊడి మాటల్లోంచి గాలి పోవడం మొదలయ్యాక, ఒక రోజు నడి పాటలో కోడలి వీపు మీద ఒక్కటి చరిచి, ఇక నువ్వెత్తు అని కూర్చుండిపోయింది. అంతకు మించిన ఆర్భాటమేమీ జరగలేదు.

ఆ చర్చిలో ఒక పద్ధతి ఉంది. కల్లాలు ముగిసి ధాన్యం ఇళ్లు చేరాక కోత పండుగ చేస్తారు. ఎవరి పంటలో నుంచి వాళ్లు మొదటి పన, మొదటి కంకులు, కోళ్లు, గుమ్మడికాయలు, మిరపకాయలు తెచ్చి బల్ల ముందు పోస్తారు. సొంత పొలం లేనివాళ్లు కూలికి కోసిన చేలో నుంచి ఆసామిని అడిగి ఒక మోపు తెస్తారు. అన్నీ చేరాక తలుపు పక్కన తాడు గుంజి గంట కొడతారు. గంట మోగితే అందరూ లేవాలి, లేచీ లేవగానే కానుకల పాట మొదలవ్వాలి. ఆ పాట ఎవరెత్తితే వచ్చే పండుగ దాకా చర్చిలో పాట వాళ్లది. పెద్దమనుషులు కూడినా, చీటీలు వేసినా ఈ లెక్క మారదు. గంట, లేవడం, ఎత్తడం, అంతే.

ఏసమ్మ అలా ఏడాది తర్వాత ఏడాది ఎత్తుతూ వచ్చింది. వానాకాలంలో ఆమె పాడితే చెరువులో కప్పలు సిగ్గుపడి నోరు మూసుకునేవని చెబుతారు. పటాన్‌చెరు సంతకు పోయే బండ్లవాళ్లు ఎడ్లను ఆపేవాళ్లు కాదట, ఎడ్లే ఆగేవట. ఇందులో కొంత తగ్గించుకున్నా మిగిలేది తక్కువేమీ కాదు.

వచ్చిన చిక్కల్లా ముక్కుతోనే.

దీపావళి దాటి కల్లాల్లో జొన్న కొట్టడం మొదలైందంటే ఆమె ముక్కు మూతపడేది. ఒకవైపు తెరుచుకుంటే రెండోవైపు మూసుకునేది. మాటలు లేని తోడికోడళ్లలా ఆ రెండూ ఒకేసారి ఒకచోట కనిపించేవి కావు. కళ్లు దురద, చెవుల లోపల దురద, అంగిట్లో ఎక్కడో నాలుక కొస అందీ అందని చోట దురద. ఆ పైన తుమ్ములు. ఏసమ్మ తుమ్మితే చెరువు మీది కొంగలు లేచి ఇస్నాపూర్‌లో వాలేవి. వాడలో చంటిపిల్లలు ఏడుపు మరిచిపోయేవాళ్లు. అన్నిటికన్నా పెద్ద అన్యాయం ఏమిటంటే, ఏడాదంతా గంగాళంలా ఉండే ఆ గొంతు, ఏడాదికి ఒక్కసారి వచ్చే కోత పండుగ నాటికే గోనెసంచిలో మూటగట్టినట్టు అయ్యేది.

వైద్యానికి కొరత లేదు. పక్క గుడిసె సోమమ్మ, ఏసమ్మతో కలిసి కల్లాలకు కూలికి వెళ్లే మనిషి, పోశమ్మకు మొక్కే ఇంటి బిడ్డ, పసుపు కొమ్ము కాల్చి ఆ పొగ పీల్చమంది. "వదినె, నీ ముక్కుల ఏదో కాపురం బెట్టింది. పొగ బెట్టి ఎళ్లగొట్టాలె" అంది. పొగ పెడితే వెళ్లిపోయింది ఏలీయా ఒక్కడే, అతను దగ్గుతూ బయట మంచం వేసుకున్నాడు. వావిలాకు మరిగించి దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టింది. ఆ ఆవిరికి వాడ మీద మంచు కమ్మి కోళ్లు తెల్లారిందో లేదో తెలియక కూయడం మానేశాయట. ఓమ వేయించి గుడ్డలో మూటగట్టి నడుముకు కట్టుకుంది, మధ్యమధ్యలో వాసన చూసేది. మిరియాల కషాయం తాగింది. జిందా తిలిస్మాత్ ముక్కుకు రాసింది, గొంతుకు రాసింది, ఒకసారి కోపం వచ్చి డోలక్‌కు కూడా రాసింది. పెరుగు మానమన్నారు, మానింది. పెరుగు ఇంట్లో ఎప్పుడూ ఉండేది కాదు కాబట్టి అది సులువైంది. రామచంద్రాపురం దగ్గర పెద్ద ఫ్యాక్టరీ లేచి పొగగొట్టాలు కనిపించడం మొదలయ్యాక తప్పంతా వాటి మీదికి తోశారు. కాని ఆమె ముక్కు ఆ గొట్టాలకన్నా ముందునుంచీ ఉన్నదే.

ఆ ఫ్యాక్టరీ కట్టేటప్పుడు ఏలీయా మట్టి పనికి పోయేవాడు. దారిలో ఒక కొత్త డాక్టరు దుకాణం తెరిచాడు. భార్యను అక్కడికి తీసుకుపోయాడు. డాక్టరు ముక్కులో దీపం వేసి చూసి, ఆమెకు దుమ్ము పడదని తేల్చాడు. కల్లం దుమ్ముకు, జొన్న నూగుకు దూరంగా ఉండమన్నాడు. ఆమె నవ్వింది. దుమ్ములో కూలి చేసుకునేవాళ్లను దుమ్ముకు దూరంగా ఉండమంటే తిండికి కూడా దూరంగా ఉండాలి కదా అంది. సరే, కనీసం కల్లాలు సాగే ఆ నాలుగు నెలలు పాడటమైనా మానుకో, గొంతు పాడవుతుంది అన్నాడు డాక్టరు. అక్కడితో ఆమె నవ్వు ఆగింది.

"ముక్కు నాదే, పాట నాదే సారూ. ఇంట్ల ఇద్దరు కొట్లాడుకుంటే ఒకర్ని ఎళ్లగొట్టుమంటవా? ముక్కు కోసెయ్యి, అడ్డం జెప్ప. పాటను మాత్రం అడగకు."

డాక్టరు ముక్కు కోయలేదు. గులాబీ రంగు బిళ్లలు కట్టిచ్చాడు. ఆ బిళ్లలు మంచివే. ముక్కు తెరుచుకుంది, దాంతోపాటు కళ్లు మూసుకుపోయాయి. ఒక ఆదివారం పాట ఎత్తి, మొదటి చరణం అయ్యాక నిలబడ్డచోటే నిద్రపోయింది. భార్య మేలుకుంటుందేమోనని ఏలీయా డోలక్ వాయిస్తూనే ఉన్నాడు, జనం అదే చరణం తిప్పి తిప్పి పాడుతూనే ఉన్నారు, ప్రసంగానికి పొద్దు సరిపోలేదు. ఆ ఆదివారం అంత మంచి ఆరాధన ఎన్నడూ జరగలేదని కొందరు ఇప్పటికీ అంటారు. ఏసమ్మ మాత్రం మిగిలిన బిళ్లలు చెరువులో పారేసింది. చేపలు వారం పాటు వెల్లకిలా నిద్రపోయాయట.

మందు వదిలేశాక ఉపాయాలు పట్టింది. ముక్కు మూసుకుంటే 'న', 'మ' అన్న అక్షరాలు నోట్లో తిరగవు, 'ద', 'బ' అయిపోతాయి. కాబట్టి ఆ అక్షరాలు తక్కువున్న పాటలు ఏరి పెట్టుకుంది. శ్రుతి ఒక మెట్టు దించింది. నోటితో గాలి పీల్చడం నేర్చుకుంది, అది కూడా చప్పుడు కాకుండా. ఇక తుమ్ముకు ఏలీయాతో ఒప్పందం. ఆమె ఎడమ చెయ్యి పైకెత్తిందంటే తుమ్ము వస్తోందని గుర్తు. ఏలీయా వెంటనే డోలక్ మీద గుర్రాలు పరుగెత్తించేవాడు. ఆ హోరులో ఆమె తుమ్మేసి, మూతి తుడుచుకుని, మళ్లీ చరణం అందుకునేది. అది కొత్త బాణీ అనుకుని ఆ చుట్టుపక్కల వాడల డోలక్‌వాళ్లంతా చరణం మధ్యలో గుర్రాలు పరుగెత్తించడం నేర్చుకున్నారు. తుమ్మే గాయని లేక వాళ్ల వాయింపు ఇప్పటికీ వెలితిగానే ఉంటుంది.

ఇన్ని చేసినా ఏసమ్మ చేసిన ఒక పని మాత్రం అన్నిటినీ చెడగొట్టింది. అది పొరపాటని ఆమెకు గాని, వాడలో మరెవరికి గాని తోచలేదు. ముక్కు నయం కావాలని ఆమె దేవుడికి మొక్కుకుంది. మొక్కు ఏమిటంటే, ఏటా కోత పండుగకు జొన్న కంకుల మోపు తెస్తానని, ఏటికేడు ముందటిదానికన్నా పెద్దది తెస్తానని. తెచ్చిన మోపును ఎక్కడో మూలన పెడితే మొక్కు తీరినట్టు ఉండదని, బల్ల పక్కన తను నిలబడే చోటునే, చెంపకు తగిలేలా నిలబెట్టుకునేది. కల్లంలో జొన్న అయితే దుమ్ము, దేవుడి ముందు పెట్టిన జొన్న అయితే కానుక. కానుకకు నూగు ఉంటుందని ఎవరనుకుంటారు? ముక్కు తగ్గకపోతే, మోపు చిన్నదైందేమోనని మరుసటి ఏడు ఇంకా పెద్దది కట్టేది. మోపు పెరిగినకొద్దీ తుమ్ములూ పెరిగాయి.

డెబ్బైమూడులో ఆ వ్యవహారం నలుగురిలో పగిలింది. అప్పటికి చర్చికి కృపానందం అనే కొత్త ఉపదేశి వచ్చి ఏడాది దాటింది. మెదక్ వైపు మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతికి గడియారం, ప్రతి పనీ వరుసలో జరగాలనేవాడు. ఆ పండుగకు సంగారెడ్డి నుంచి పెద్ద అయ్యగారిని పిలిచాడు. ఏసమ్మ మోపు ఆ ఏడు మనిషి ఎత్తు దాటింది. గంట మోగింది, జనం లేచారు, ఏసమ్మ ఎత్తింది. "నిండిన కంకి నీదే తండ్రీ" అని ఎత్తవలసిన పాట "దిండిద కంకి దీదే తండ్రీ" అని బయటికి వచ్చింది. ముందు వరసలో పిల్లలు కిసుక్కుమన్నారు. వాళ్లను కసిరిన తల్లులూ కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఆమె ఎడమ చెయ్యి ఎత్తింది, ఏలీయా గుర్రాలు పరుగెత్తించాడు, కాని ఆ తుమ్ముకు గుర్రాలు చాల్లేదు. బల్ల మీద కొవ్వొత్తులు ఆరిపోయాయి. పెద్ద అయ్యగారి ప్రసంగం కాగితాలు లేచి గుమ్మడికాయల మీద పరుచుకున్నాయి. ఆమె ఆగలేదు. అన్ని చరణాలూ అదే ముక్కుతో, అదే మొండితనంతో, నవ్వేవాళ్ల మొహాల్లోకి సూటిగా చూస్తూ పూర్తి చేసింది. కాని నవ్విన నవ్వు వెనక్కి పోదు.

మరుసటి ఏడు పండుగ దగ్గర పడుతుండగా కృపానందం పెద్దమనుషులను కూడగట్టి ఒక మాట అనిపించాడు. ఈసారి పాట సుకుమారి ఎత్తాలి. సుకుమారి ఆ వాడ పిల్లే, మెదక్‌లో హాస్టల్లో ఉండి చదువుకుని వచ్చింది, పుస్తకం చూసి పాడుతుంది, ముక్కు శుభ్రంగా ఉంటుంది. మాట తేల్చాక కృపానందం తనే ఏసమ్మ ఇంటికి వచ్చాడు. అతను చెడ్డవాడు కాదు, ఆ మాట ఏసమ్మే అంటుంది. వాకిట్లో నిలబడి, మెత్తగా చెప్పాడు.

"నీ మీద కోపం లేదమ్మా ఏసమ్మా. ఈ ఏడు నువ్వు ఎనక తలుపు కాడ కూసో. జెర గాలి తగులుతది, నీకే మంచిగుంటది. మోపు మాత్రం ఎప్పటి లెక్కనే బల్ల కాడ పెట్టిస్త."

"కూసుంట అయ్యగారూ" అంది ఆమె. "నువ్వు కూసోమన్నకాడనే కూసుంట. నోరు మాత్రం ఇంటికాడ ఇడిసి రాను."

అతను దాన్ని విసురుగా తీసుకోలేదు. పోతూ పోతూ కషాయం తాగమని కూడా చెప్పి వెళ్లాడు. ఏలీయా ఆ పూట అన్నం తింటూ, ఇక వదిలేయరాదా, ఎందుకీ హైరానా అని గొణిగాడు. ఏసమ్మ అతనికి పప్పు వడ్డిస్తూనే ఒకటి అడిగింది. అతని డోలక్ తోలు చినిగిన నాడు అతను వదిలాడా, లేక గోనెసంచి కుట్టినట్టు కుట్టుకుని వాయించాడా అని. ఏలీయా ఆ పప్పు బాగుందన్నాడు.

రెండు రోజులకు సుకుమారే వచ్చింది. తలుపు దగ్గర నిలబడి పమిట కొస నలుపుతూ, కానుకల పాటలో మూడో చరణం దగ్గర మలుపు తనకు రావడం లేదని, పుస్తకంలో మాటలు ఉన్నాయి గాని మలుపు లేదని, ఏసమ్మ నేర్పాలని అడిగింది. సోమమ్మ అక్కడే కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేట ఆపి, ఇప్పుడు ఏసమ్మ ఈ పిల్లను ఏం చేస్తుందా అని చూసింది. ఏసమ్మ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంది. మలుపు నేర్పింది. మూసుకున్న ముక్కుతోనే, ఎక్కడ ఆపాలో, ఎక్కడ జార్చాలో, ఎక్కడ జనానికి వదలాలో అంతా చూపించింది. ఆ పిల్లకు రెండుసార్లకే వచ్చేసింది. ఏసమ్మ ఆమె గడ్డం పట్టుకుని అంది:

"గొంతు మంచిగున్నది బిడ్డా, నీకు నేర్పుత. కాని పండుగ నాడు నీకు ఇడిసిపెట్ట. నేర్పుడు ఏరే, ఇడుసుడు ఏరే."

"మరి నేనేం జెయ్యాలె పెద్దమ్మా?" అంది సుకుమారి, నవ్వాలో భయపడాలో తెలియక.

"నేను ఎత్తంగనే అందుకో."

ఎలా ఎత్తుతావే అని సోమమ్మ అడిగింది, ఆ పిల్ల వెళ్లాక. మాటలే సరిగ్గా పలకడం లేదు, కూర్చోబెట్టింది తలుపు దగ్గర, ముందు నిలబడేది సుకుమారి, గంట కొట్టేది చిన్నరాములు. ఏసమ్మ తుమ్మింది. అదే జవాబు అనుకోమంది.

పండుగ నాడు చర్చి చర్చిలా లేదు, కల్లంలా ఉంది. పెద్ద అయ్యగారు మళ్లీ వస్తున్నారని కృపానందం ముందటి ఏడుకన్నా రెట్టింపు చేయించాడు. బల్ల ముందు జొన్న కంకులతో, వరి పనలతో కమాను కట్టించాడు. దాని నిండా ఎండు మిరపకాయల దండలు వేలాడదీయించాడు. ఏసమ్మ మొక్కు మోపు ఆ కమాను పక్కనే నిలబెట్టారు. ఈసారి అది ఎంత పెద్దదంటే ఇద్దరు మోసుకొచ్చారు. తలుపులోంచి నిలువుగా రాక, పెళ్లికూతురిలా తల వంచి లోపలికి వచ్చింది. సుకుమారిని సరిగ్గా ఆ మోపు పక్కన నిలబెట్టారు.

ఏసమ్మ తలుపు దగ్గర చాప మీద కూర్చుంది. పక్కనే గోడకు గంట తాడు వేలాడుతోంది. చిన్నరాములు తాడు దగ్గర నిలబడి ఉన్నాడు గాని, కానుకల్లో వచ్చిన ఒక మేకపోతు కట్టు తెంపుకుని గుమ్మడికాయల మీదికి దూకడంతో దాని వెంట ముందుకు పరుగెత్తాడు. మేకపోతు ఎవరికీ చిక్కలేదు, కమాను చుట్టూ తిరుగుతూ వీలైనన్ని కంకులు నమిలింది. అది సద్దుమణిగేలోపు కృపానందం పెద్ద అయ్యగారికి స్వాగతం చెప్పడం మొదలుపెట్టాడు. మేకపోతు చెవులు పట్టుకుని చిన్నరాములు ముందే ఉండిపోయాడు.

స్వాగతం పొడుగ్గా సాగింది. ఏసమ్మ మొదట వింది, తర్వాత మానేసింది. చెరువు మీది నుంచి గాలి వస్తోంది. తలుపులోంచి నేరుగా ఆమె మొహానికి తగులుతోంది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్న ఆమెకు ఏదో తేడా తెలిసింది. ఏమిటో మొదట అర్థం కాలేదు. అంగిట్లో దురద లేదు. కళ్లు మండటం లేదు. మెల్లగా కొంగు తీసి గాలి పీల్చింది. కుడివైపు నుంచి గాలి లోపలికి వెళ్లింది. ఎడమవైపు నుంచి కూడా వెళ్లింది. తోడికోడళ్లిద్దరూ ఒకేసారి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. పండుగ నాడు ఇలా ఎన్నడూ జరగలేదు.

ఆమె నోరు మూసుకుని లోలోపల 'నిండిన' అనుకుని చూసింది. 'న' ఉంది. 'మ' ఉంది. పోయిన చుట్టాలంతా తిరిగి వచ్చినట్టు అక్షరాలన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి.

అప్పుడు ముందుకు చూసింది. పక్క కిటికీలోంచి పడిన ఎండ చార సరిగ్గా తన మొక్కు మోపు మీద పడుతోంది. మేకపోతు కుదిపిన కుదుపుకు ఆ మోపు నుంచి నూగు లేచి, ఎండలో తెల్లగా తిరుగుతూ, నింపాదిగా సుకుమారి తల మీద, మొహం మీద వాలుతోంది. సుకుమారి ముక్కు రుద్దుకుంటోంది. మళ్లీ రుద్దుకుంటోంది. ఏసమ్మ ఆ నూగు చూసింది, తన ముక్కు ముట్టుకుని చూసుకుంది, మళ్లీ మోపును చూసింది. ఇన్నేళ్లూ చేతులారా కట్టి, మోసుకొచ్చి, చెంప పక్కన నిలబెట్టుకున్నది దాన్నే. ఆమెకు కోపం వచ్చిందో నవ్వు వచ్చిందో ఆమెకే తెలియదు. ఏది వచ్చినా ఆగి చూసుకునే తీరిక లేదు. ముక్కు తెరుచుకుని ఉంది. గాలి మళ్లితే నూగు ఇటు రావచ్చు. రాకముందే పాట బయటపడాలి. స్వాగతం చూస్తే ఇప్పుడే పెద్ద అయ్యగారి తాతగారి సంగతికి వచ్చింది.

ఆమె లేచి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఒక చేత్తో కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. రెండో చెయ్యి ఎక్కడుందో ఎవరూ చూడలేదు, చూడటానికి అందరి వీపులూ ఆమె వైపే ఉన్నాయి. అంతలో లోపల ఎక్కడో మిగిలిపోయిన పాత తుమ్ము ఒకటి, వానాకాలం నుంచి దాచుకున్నట్టుగా, ఒక్కసారి బయటికి వచ్చింది.

ఆ తుమ్ముకు గంట మోగింది.

ఖంగుమని ఒకసారి, ఇంకా గట్టిగా ఇంకోసారి. ఆ చర్చిలో గంట మోగితే లేవకుండా కూర్చున్నవాడు లేడు. ముసలివాళ్లు లేచారు, పిల్లలు లేచారు, సగం నిద్రలో ఉన్నవాళ్లు అందరికన్నా ముందు లేచారు. పెద్ద అయ్యగారు లేచారు. కృపానందం అప్పటికే నిలబడి ఉన్నాడు కాబట్టి ఇంకా లేవడానికి లేక నోరు తెరిచాడు. సుకుమారి పాట ఎత్తబోయింది గాని జొన్న నూగు గొంతులో పడి దగ్గు వచ్చింది.

వెనక తలుపు దగ్గర నుంచి పాట లేచింది. 'నిండిన కంకి నీదే తండ్రీ' అని, ప్రతి అక్షరం కడిగి ఆరబెట్టినంత తేటగా. ఏటా దించే శ్రుతిని ఏసమ్మ ఆ రోజు దించలేదు. వానాకాలపు గొంతు పండుగ నాడు వినడం ఆ వాడకు అదే మొదలు. ముందు వైపు తిరిగి నిలబడిన జనమంతా ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. కమాను, కొవ్వొత్తులు, కృపానందం, అంతా వాళ్ల వీపుల వెనకకు పోయింది. ఏలీయా డోలక్ భుజాన వేసుకుని, మనుషుల మధ్యలోంచి దారి చేసుకుంటూ, వాయిస్తూనే తలుపు దాకా నడిచి వచ్చాడు. ఆమె చెయ్యి ఎత్తుతుందేమోనని చివరిదాకా చూశాడు. ఎత్తలేదు. మూడో చరణం మలుపు దగ్గర ముందు నుంచి ఇంకో గొంతు వచ్చి అందుకుంది. సుకుమారి దగ్గు ఆపుకుని, కళ్లు తుడుచుకుని, నేర్పినదాన్ని నేర్పినట్టే పాడింది. ఇద్దరి మధ్య జనం నిలబడి ఎటు తిరగాలో తెలియక పాడారు. పెంకులు లేచి పడ్డాయంటారు. లేచాయి, కాని కోతులు ఎక్కినప్పుడు లేచినంతే.

ఆరాధన అయ్యాక, కానుకలను వేలం వేసే హర్రాజుకు ముందు, పెద్దమనుషులు చర్చి వాకిట్లో కూర్చున్నారు. జనమంతా చుట్టూ మూగారు. అసలు గంట ఎలా మోగిందని కృపానందం అడిగాడు. ఏసమ్మ తుమ్ముకు మోగిందని పదిమంది చెప్పారు. గోడ అదిరిందని ఒకరు, తాడు దానంతటదే ఊగిందని ఒకరు, గంట నాలుక ఊగడం తాను కిందినుంచి చూశానని ఒకరు. సోమమ్మ చర్చి మనిషి కాకపోయినా హర్రాజులో గుమ్మడికాయ కోసం వచ్చి ఉంది. ఆ తుమ్ము తనకు చెరువు కట్ట మీదే వినిపించిందని సాక్ష్యం చెప్పింది. పెద్ద అయ్యగారు కడుపు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు చూసి కృపానందానికి ఊపిరి తిరిగింది.

అతను కొంచెం ఆలోచించి, అందరికీ మేలు కలిగే మాట ఒకటి కనిపెట్టాడు. తుమ్ము ఎవరి చేతిలోనూ ఉండదు, కాబట్టి ఏసమ్మ తప్పేమీ లేదు. మనిషి కొట్టని గంట గంట కాదు, కాబట్టి దానికి లేచిన లేవడం లేవడం కాదు, ఆ పాట కానుకల పాట లెక్కలోకి రాదు. ఇప్పుడు చిన్నరాములు చేత మళ్లీ గంట కొట్టిద్దాం, సుకుమారి చేత పాట ఎత్తిద్దాం, ఏడాదికి సరిపోతుంది. ఎవరికీ మాట రాదు. పెద్దమనుషులు తలలూపారు. సుకుమారి తల ఊపలేదు, ఏసమ్మ వైపు చూసింది. ఏలీయా కూడా చూశాడు. ఆమె చేయవలసిందల్లా ఊరుకోవడమే. ఊరుకుంటే క్షమాపణ ఉంది, నవ్వు ఉంది, వాడంతా చెప్పుకునే కథ ఉంది. పాట ఒక్కటే పోతుంది.

ఏసమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, రెండు వైపులా గాలి పీల్చి చూసుకుని, చెప్పింది.

"గంట నా తుమ్ముకు మోగలే అయ్యగారూ. తాడు నేనే గుంజిన."